లాజరు తాగలేదు

విజయవాడ పటమటలో కాపురముంటున్న, లారీ బాడీలకు రంగులు వేసే షేక్ ఇమామ్, వయసు అరవై నాలుగు, ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా. నా ఊపిరితిత్తులు చెడ్డాయి గాని తెలివి చెడలేదు. నేను చెబుతుంటే రాసింది నా కూతురు మెహరాజ్. దీన్ని అమలు జరపవలసిందీ ఆమే.

1. నా ఇంట్లో భార్య ఫక్రున్నీసాకు, మెహరాజ్‌కు మా మత ధర్మం ప్రకారం వచ్చే వాటాలు వస్తాయి. అందులో నేను మార్చేదేమీ లేదు.

2. 2011 జూన్‌లో మా షెడ్డు వెల్డరు లాజరు లారీ కింద పనిచేస్తుండగా జాకీ విరిగి చనిపోయాడు. ఆ జాకీకి పగులుందని వారం ముందే నా ఎదుట ఓనరుకు చెప్పాడు. “ఈ బండి డెలివరీ అయిపోనీ, చూద్దాం” అన్నాడు ఓనరు. లాజరు పోయిన సాయంత్రమే, అతను తాగి పనిలోకి వచ్చాడని రాసిన కాగితం ఓనరు మా ముందు పెట్టాడు. మా షెడ్డులో రెండు యూనియన్లు; అతను అవతలి యూనియన్ మనిషి, మనకెందుకన్నారు మావాళ్లు. పని పోతుందన్న భయంతో మొదటి సంతకం నేను చేశాను. నన్ను చూసి పదకొండు మంది చేశారు. లాజరు చుక్క ముట్టడు. ఆ మధ్యాహ్నం నా క్యారేజీలోనే అన్నం తిన్నాడు.

తర్వాత అతని భార్య మార్త మా ఇంటికి వచ్చి, “అన్నయ్యా, ఆయన తాగలేదని మీకు తెలుసు గదా. ఆ ఒక్క ముక్క రాసివ్వండి” అని అడిగింది. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఆమె వేసిన నష్టపరిహారం కేసు పోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను: లాజరు తాగలేదు. మార్తకు వస్తువేదీ ఇవ్వడం లేదు. ఇస్తే వెల కట్టినట్టవుతుంది.

3. నా బ్రష్షులన్నీ అవతలి యూనియన్ పెయింటరు జయపాల్‌కు. రంగుల ఆవిరి పీల్చి నేను మంచాన పడ్డాక, బీడీల వల్లే జబ్బు చేసిందని ఓనరు ఇంకో కాగితం రాయించాడు. నేను బీడీ ఎరగను. మా యూనియన్ వాళ్లే నలుగురు సంతకం పెట్టారు. వాళ్ల మీద కోపం లేదు, ఆ పని నేర్పింది నేనే. పెట్టనని కాగితం వెనక్కి నెట్టింది జయపాల్ ఒక్కడే. అతను నెమళ్లు నాకంటే బాగా వేస్తాడు. ఇన్నేళ్లూ నేనది ఒప్పుకోలేదు.

4. మా ధర్మం నా ఇష్టానికి వదిలిన మూడో వంతు ఆస్తిని దాటని మా ముందుగది రెండు యూనియన్లకూ కలిపి ఇస్తున్నాను. బోర్డు ఒక్కటే ఉండాలి. మేం రెండు జెండాల కింద ఉన్నన్నాళ్లూ ఓనరుకు మా మీద కాపలా అక్కర్లేకపోయింది. ఏడాదిలో కలవకపోతే గది మళ్లీ ఇంటివాళ్లదే. “వాళ్లు అక్కడ కొట్టుకుంటే సర్దిచెప్పేది నేనే గదా” అంది ఫక్రున్నీసా. అయినా ఒప్పుకుంది.

5. మిగతావన్నీ నా తర్వాత. రెండో అంశం మాత్రం నేను ఉండగానే అమల్లోకి రావాలి. మార్తకు ఇవ్వడానికి దాని ప్రతి మీద వేరే సంతకం చేశాను. ఆమె ఇప్పుడు పామర్రులో ఉంటోంది. రేపు పొద్దున మెహరాజ్ నన్ను ఆటోలో తీసుకెళుతుంది. క్షమించమని అడగను. ఆమె ఏమన్నా, ఎంతసేపన్నా, కూర్చుని వింటాను.

విజయవాడ, 2024 నవంబరు 18.

(సంతకం) షేక్ ఇమామ్

సాక్షులు:
కోగంటి గోపాలకృష్ణ, మా యూనియన్ అధ్యక్షుడు
మేకా ఇశ్రాయేలు, అవతలి యూనియన్ కార్యదర్శి