పోస్టర్‌లో ఖాళీ గడి

ఒరే అల్లుడూ,

సెలవు ఎందుకు రద్దయిందో పై ఆఫీసర్లు చెప్పడం లేదని మీ అమ్మకు రాశావట. నేను చెబుతాను. వచ్చే బుధవారం మీరు కొండల్లోకి వెళ్లి ఉగ్రవాదుల స్థావరాన్ని నేలమట్టం చేస్తారు. ఆదివారం పోలింగ్.

నాకెలా తెలుసంటావా? ఆ విజయం పోస్టర్లు మన ప్రెస్సులోనే అచ్చవుతున్నాయి. నాయకుడిది నిలువెత్తు బొమ్మ. "ఇంకా జరగలేదు కదండీ?" అంటే పార్టీ ఆఫీసాయన విసుక్కున్నాడు. "జరిగాక వేస్తే సిరా ఆరేదెప్పుడు, అంటించేదెప్పుడు?"

ఆ స్థావరం రెండేళ్లుగా అక్కడే ఉందని నువ్వే అన్నావు. పాపం, దానికి ఇన్నాళ్లకు ముహూర్తం కుదిరింది.

ఇంకో మాట. పోస్టరు కింద అమరవీరుడి ఫోటోకి ఒక గడి ఖాళీగా వదలమన్నారు. ఫోటో బుధవారం సాయంత్రం పంపుతారట. మా మేనల్లుడూ సైన్యంలోనే ఉన్నాడని నోరు జారాను. ఆయన సంబరపడిపోయి, "అయితే ఫోటో మీ దగ్గరే ఉంటుందిగా!" అన్నాడు.

లేదని చెప్పాను. ఇంటికి రాగానే గోడమీది నీ ఫోటో తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎందుకురా అని మీ అమ్మ ఒకటే అడుగుతోంది. నేను చెప్పలేను, నువ్వే వచ్చి చెప్పు.

మీ మావయ్య