శంఖం పక్కన నత్తగుల్ల

ఏలూరు

ప్రియమైన ఇందిరా,

ఫోన్‌లో మాట్లాడుకుంటే స్కూలు సంగతి పోట్లాటలో తేలుతోంది, అందుకే కాగితం పట్టాను. నీ స్కూలు ఏలూరు బ్రాంచిలో నా ఎల్‌కేజీ క్లాసుని ఇప్పుడు చూడాలి. మన ఆయమ్మ సారమ్మ కూతురు జెస్సీ కూడా ఇదే క్లాసు కదా, అమ్మమ్మ ఊరెళ్ళి, కొల్లేటి గట్టు మీద నత్తగుల్లలు ఏరుకొచ్చింది. బల్ల మీద పరిచాం. ఇక పిల్లలకి బొమ్మలు అక్కర్లేదు. "ఇందులో ఉండే ఆయన ఎటెళ్ళాడు టీచర్?" అని ఒకటే గోల. శ్రీకర్ అయితే గుల్లని చెవి దగ్గర నుంచి తియ్యడు. ఈ ఉద్యోగం మీద నాకింత ఇష్టం ఎప్పుడూ కలగలేదు.

నీ వేణి

తాడేపల్లిగూడెం

వేణీ,

నీ ఇష్టం బాగానే ఉంది. బట్టలకొట్టు శేషగిరిరావుగారు నాకు ఫోన్ చేసి కడిగేశారు. మనవడు శ్రీకర్ ఆ గుల్లని తీసుకెళ్ళి దేవుడి గదిలో శంఖం పక్కన పెట్టాడట, శంఖానికి తమ్ముడని. పూజగదిలోకి నీచు పంపిందెవరని అడుగుతున్నారు. సగం క్లాసు ఆయన మాట మీద చేరిన పిల్లలే కదా. బల్ల ఖాళీ చెయ్యి. జెస్సీ సీటు జోలికి మాత్రం రాను, ఒట్టు.

ఇందిర

ఏలూరు

ఇందిరా,

ఖాళీ చేశాను. కానీ ఆయన నీకు సగమే చెప్పారు. "శంఖంలో ఉండే నత్త ఎటెళ్ళింది తాతయ్యా?" అని అడిగాడట శ్రీకర్. దానికి ఆయన వాడి మీద చెయ్యి చేసుకున్నారు. వాడి తల్లి శిల్ప గేటు దగ్గర నిలబడి చెప్పి ఏడ్చింది. అప్పట్నుంచీ వాడు ఏమీ అడగడం లేదు. నాకు జ్వరం, సెలవు పెడుతున్నాను. జెస్సీ జాగ్రత్త.

వేణి

తాడేపల్లిగూడెం

వేణీ,

కోపం తెచ్చుకోకు. నువ్వు లేనప్పుడు సారమ్మని పనిలోంచి మాన్పించాను. జెస్సీ సీటు అలాగే ఉంది, తల్లే పిల్లని అమ్మమ్మ ఊరు తీసుకెళ్ళిపోయింది. ఇప్పుడు శ్రీకర్ ఆ పిల్ల లేకపోతే స్కూలుకి రానంటున్నాడు. శేషగిరిరావుగారే దిగొచ్చి పిలిపించమంటున్నారు. నువ్వు అడిగితే సారమ్మ కాదనదు. ఒక్కసారి వెళ్ళి రావే.

ఇందిర

ఏలూరు

ఇందిరగారికి,

మీరు ఒట్టు తప్పలేదు. సీటు ఉంచి తల్లిని తీసేశారు. ఇంత తెలివి నాకెప్పటికీ రాదు.

నిన్న కొల్లేటికి వెళ్ళాను. సారమ్మ చేపల చెరువు పనిలో చేరింది. రమ్మంటే, మా పిల్ల వల్ల పెద్దోళ్ళకి కష్టం కలిగిందండీ, ఇక వద్దులెండి అంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మేం మాట్లాడుతుండగానే గూడబాతు ఈక ఒకటి గాలికి కొట్టుకొచ్చి జెస్సీ కాళ్ళ దగ్గర పడింది. పిల్ల దాన్ని చూసి కూడా చూడనట్టే నిలబడింది. నేను వంగి తియ్యబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోకండి టీచర్. మిమ్మల్ని కూడా తీసేస్తారు."

సత్యవేణి