తెల్లారాక వెలిగించే కొవ్వొత్తి

రామాపురం,
మార్చి 14, 2026.

చిరంజీవి కృపారాణికి, ప్రభువు దయ వల్ల ఇంకా తిరుగుతూనే ఉన్న నీ నాయనమ్మ దీవించి రాయునది.

మీ నాన్నకి షుగరు తగ్గిందా? మీ అమ్మ మోకాళ్ళు మెట్లెక్కనిస్తున్నాయా? తమ్ముడి దగ్గు మానిందా? రేపల్లెలో మీ మేనత్త ఆయాసం సంగతి నాకెవరూ చెప్పరు. నువ్వు టిఫిన్ తినే బడికి పాఠాలు చెప్పటానికి వెళ్తున్నావా?

ఫోనులో చెబితే నవ్వి మాట మార్చేస్తావని రాస్తున్నాను. ఈస్టరు తెల్లవారుజామున స్నేహితులతో రెండు కార్లేసుకుని తెనాలి నుంచి తాబేలు పిల్లల్ని చూడటానికి వస్తానన్నావు. ఇంకొన్నేళ్ళకి ఉండవట, ఉన్నప్పుడే చూడాలన్నావు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కారు ఇసకలో దిగబడుతుందేమో, అల ఎవరినైనా లాక్కుపోతుందేమో. ఆ భయాలు నాకు మామూలే. ఇంకొకటి ఉంది.

ఈస్టరుకి చీకటితోనే ఒడ్డునున్న సమాధుల తోటకి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తాం కదా. పోయినేడు ఇసకలోంచి లేచిన తాబేలు పిల్లలు సముద్రం వైపు పోకుండా ఆ వెలుగుకి ఎదురొచ్చాయి. తెల్లారేసరికి మీ తాతయ్య సమాధి చుట్టూ కాకులు. అందుకని ఈ ఏడు పొద్దెక్కాకే వెలిగించాలని చర్చి సంఘంలో అనుకున్నాం. పక్కింటి సామ్రాజ్యం లేచి, మా ఆయనకి చచ్చాక కూడా కరెంటు కోతేనా అంది. అందరూ నవ్వారు. తర్వాత ఆవిడే ఏడ్చింది. ఆయన పోయిన దగ్గర్నుంచీ చీకట్లో ఆ కొవ్వొత్తి ఒక్క ఏడూ తప్పలేదట. అయినా సరేనంది.

సామ్రాజ్యం మానుకున్న చోటికి మీరు కారు లైట్లేసుకుని ఎలా వస్తారే? ఫోన్లు కూడా ఆర్పేస్తామంటావు. తాబేలు పిల్ల కనబడ్డాక ఒక్క ఫోటో అనకుండా ఎవరుంటారు? పోతున్నాయని చూడొచ్చే వాళ్ళే ఎక్కువైతే అవి ఇంకా తొందరగా పోతాయి కదా తల్లీ. స్నేహితులకి ఏం చెప్పాలో తోచకపోతే, నాయనమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పు. కోపం మాత్రం తెచ్చుకోకు.

ఇట్లు,
నీ మేలు కోరే నాయనమ్మ,
రూతు

తా.క.: ఒంట్లో బాగాలేదన్నది అబద్ధమేం కాదు. రెండో కన్ను కూడా ఆట్టే రోజులు పని చెయ్యదని బాపట్లలో కంటి డాక్టరు గారు చెప్పారు. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు, కంగారు పడతాడు. ఇన్నేళ్ళు ఈ ఒడ్డునే ఉండీ ఆ పిల్లలు నీళ్ళలోకి దిగటం నేను చూడలేదు. ఈసారైనా చూద్దామనుకున్నాను. టార్చి వెయ్యనిదే నా కంటికి ఆనదు. అందుకని మానుకున్నాను. నీ మొహం మాత్రం చూడాలి, అదీ పగటి వెలుతురులో. ఈస్టరు వెళ్ళిన మరుసటి ఆదివారం బస్సెక్కి ఒక్కదానివే రా. తాతయ్య దగ్గర కొవ్వొత్తి అప్పుడు ఇద్దరం వెలిగిద్దాం. ఏప్రిల్ పన్నెండో తేదీ, మర్చిపోకు.