ఒక్కసారే వచ్చిన మాట

కరుణా,

అక్కడి వాతావరణం సంగతి తెలియదు గాని, ఇక్కడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో డ్రైవ్‌వే నిండా మంచే. నువ్వు వెళ్ళి ఏడాది దాటింది. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి.

ఆసుపత్రిలో నాకొక పని అప్పజెప్పావు, గుర్తుందా? సంఘం వాళ్ళు వచ్చి, నత్తివాళ్ళ నాలుక తేటగా మాట్లాడుతుందని యెషయా ప్రవక్త చెప్పిన వచనం చదివి, నీకోసం ప్రార్థన చేసి వెళ్ళారు. వాళ్ళు తలుపు దాటాక నువ్వు అన్నావు: "నా నత్తితో నాకేం తగాదా లేదు. అసలు హెబ్రీలో ఆ మాటకి అర్థం నత్తేనా? కనుక్కో." ఆ మాటలు పూర్తి కావడానికి పట్టినంతసేపు పట్టింది. నర్సు కూడా ఆగి విని వెళ్ళింది.

కనుక్కున్నాను. నీకు చెప్పడమే ఆలస్యమైంది.

మెషిన్ షాపులో రిటైరైనవాడికి హెబ్రీ ఎందుకని లైబ్రరీలో అమ్మాయి నోటితో అడగలేదు గాని, చూపుతో అడిగింది. అది కుడి నుంచి ఎడమకి చదవాలి. మొదటి వారం నేను పుస్తకం వెనక నుంచి మొదలుపెట్టానేమోనని రెండుసార్లు అట్ట చూసుకున్నాను.

ఆ మాట 'ఇల్లేగ్'. హెబ్రీ లేఖనాలన్నిటిలో ఒక్కసారే వస్తుందట. ఒక్కసారి కనబడి వెళ్ళిపోయిన మనిషి ఎలాంటివాడంటే ఏం చెబుతాం? పక్కన ఎవరున్నారో చూసి ఊహించాలి. పక్కనేమో తేటగా, చకచకా మాట్లాడటం ఉంది. కాబట్టి ఇది దానికి ఎదురు, నత్తి అయి ఉండాలని ఎక్కువమంది పండితుల ఊహ. కాదు, వెక్కిరించడం అనే మాటకి ఇది చుట్టమని కొందరు. అరబీలో దీనికి దగ్గరి మాటకి మొరటువాడు, పరాయి దేశస్థుడు అని అర్థమట. అంటే నాలుక తిరగనివాడు కాదు, ఆ ఊరి భాష రానివాడు కావచ్చు...

అదే నిజమైతే ఈ దేశం వచ్చిన కొత్తలో నేను పక్కా ఇల్లేగ్‌ని. కారు దిగకుండా కాఫీ కొనుక్కునే డ్రైవ్‌త్రూలో మైకులోంచి ఎవరో సారీ, సారీ అంటుంటే నేను గొంతు పెంచుకుంటూ పోయేవాణ్ణి. చివరికి నువ్వు పక్క సీట్లోంచి వంగి, నెమ్మదిగా ఒక్క మాట చెప్పేదానివి. కాఫీ వచ్చేది. మన ఇంట్లో నత్తి ఎవరికని వెనక కారువాణ్ణి అడిగితే ఏం చెప్పేవాడో?

"మళ్ళీ రోడ్డెక్కు" అంటావని తెలుసు. ఎక్కుతున్నాను.

రూతు గురించి చెప్పాలి. నీ మనవరాలికి ముక్కు వాళ్ళ నాన్నది, నత్తి నీది. నువ్వు ఉన్నన్నాళ్ళూ చర్చిలో ఆ పిల్ల ఏదో ఒకటి మాట్లాడేది. నువ్వు వెళ్ళాక, అది ఆగిన చోటల్లా ఆంటీలు, అంకుల్స్ ప్రేమగా మాట అందించడం మొదలుపెట్టారు. ఒకరు కాదు, ముగ్గురు మూడు మాటలు. దాంతో అక్కడ నోరు తెరవడం మానేసింది.

అలాంటిది, నీ జ్ఞాపకార్థ కూడికలో వాక్యం తనే చదువుతానంది. అదే వాక్యం. తెలుగులోనే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని వంటగదిలో చదువుకునేది. అర్థం ఏదైనా సరే, ఆ పిల్ల రెండు రకాలా ఇల్లేగే!

మన సునీతకి నిద్ర లేదు. అందరి ముందూ కూతురు ఆగిపోతే, మళ్ళీ ఎవరో అందిస్తే, ఇక ఎప్పటికీ నోరు విప్పదేమోనని దాని భయం. పాస్టరు అయ్యగారు మంచి ఉపాయమే చెప్పారు: అందరం కలిసి చదువుదాం. నిజమే, గుంపుతో చదివేటప్పుడు నీకు ఒక్క అక్షరం తడబడేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గొంతు ఎవరిదని తిరిగి చూసేవారు. కాని రూతు ఒప్పుకోలేదు. అలాగైతే తను చదివినట్టు ఎలా అవుతుందని తల్లినే అడిగింది. పైగా మాట ఆగినప్పుడల్లా నువ్వనే మాటే ఇంట్లో అందరికీ ఒకసారి అప్పజెప్పింది... "ఇంజన్ ఆగలేదు, గేరు పడాలంతే. ఎవరూ తొయ్యకండి."

ఆదివారం మధ్యాహ్నం కూడిక. మొదటి మూడు వచనాలు తడబడుతూనే గట్టెక్కింది. నాలుగోది మొదలుపెట్టబోయి ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

మనవాళ్ళ అలవాటు నీకు తెలుసు కదా, చదివేవాళ్ళు ఒక వచనం, సంఘం ఒక వచనం. ఆ రోజు అన్నీ రూతే చదవాలన్నది మరిచి, నిశ్శబ్దం వచ్చేసరికి ఇక తమ వంతే అనుకున్నారు. ఎవరూ సాయం చేద్దామని కాదు, ఉత్త అలవాటు. నాలుగో వచనం హాలంతా ఒక్క గొంతుతో చదివేసింది. నత్తివాళ్ళ నాలుక వచనం, ఒక్క తడబాటు లేకుండా... సునీత కళ్ళు మూసుకుంది.

ఐదోది చదివితే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కూడా కాదు. రూతు అందరూ ముగించేదాకా ఆగింది. తర్వాత వేలు మళ్ళీ నాలుగో వచనం మీద పెట్టింది. అక్కడే మొదలుపెట్టింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ అందుకోలేదు. హీటర్ చప్పుడు వినబడుతోంది. చివరి మాట దాకా తనే చదివింది... ఎంతసేపు పట్టిందంటావా? పట్టినంతసేపు.

తర్వాత పులిహోర దగ్గర ఇద్దరు ఆంటీలతో మాట్లాడుతూ కనిపించింది. వాళ్ళు వింటున్నారు.

కాబట్టి నువ్వడిగినదానికి నా జవాబు: ఆ మాటకి అర్థం ఏదో నాకు తేలలేదు, పండితులకీ తేలలేదు. తేలకపోయినా చదవొచ్చని మాత్రం తెలిసింది.

ఈస్టర్‌కి కూడా తనే చదువుతుందట. నేను చివరి వరుసలో నోరు మూసుకుని కూర్చుంటానని మాటిచ్చాను. అది నాకెంత కష్టమో నీకొక్కదానికే తెలుసు.

నీ
ప్రసాదరావు