దురదకు జవాబు

12 నవంబరు 1956, సోమవారం

అభియోగం: నాకు నిలకడ లేదు.

ముద్దాయిని నేనే, ప్లీడరునూ నేనే. కనుక జరిగినది జరిగినట్టు నమోదు చేస్తున్నాను. శనివారం తెలుగు డిబేట్‌లో విషయం, స్త్రీలు మంత్రిపదవులకు అర్హులా కారా అన్నది. అర్హులని నేను పదకొండు నిమిషాలు మాట్లాడాను. ఒక్క వాదమూ తడబడలేదు. ఆ తరువాత నా కుర్చీలో కూర్చొని ఎదుటిపక్షం మాటలు వినవలసి వచ్చింది. నేను ఓడిపోయింది అక్కడే. అటు ఒరిగాను, ఇటు ఒరిగాను. కుర్చీ అంచుకు జరిగాను. పైట సర్దుకునే నెపంతో లేచి మళ్ళీ కూర్చున్నాను. మగపిల్లల కాలేజీ నుంచి వచ్చిన భక్తవత్సలం ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. తన వంతు రాగానే అధ్యక్షులకు ఎంతో వినయంగా నమస్కరించి, ఈడ పావుగంట కుర్చీలో కుదురుగా కూచోలేనివాళ్ళు ఆడ పోయి మంత్రి కుర్చీలో అయిదేళ్ళు ఎట్లా కూచుంటారండీ అన్నాడు.

హాలు దద్దరిల్లింది. జడ్జీలు కూడా నవ్వారు. రెండు మార్కుల తేడాతో ఓడాను.

ఫిబ్రవరి రెండున షీల్డు పోటీ. అతను వస్తాడు. నేనూ వస్తాను. ఆ కుర్చీ కూడా ఉంటుంది.

నా నిలకడలేమికి ఒక కారణం ఉంది. అది రాయటానికి చేయి రావటం లేదు.

14 నవంబరు

దురద.

15 నవంబరు

మలద్వారం దగ్గర దురద.

రాశాను. బి.ఏ. ఆనర్స్ చదువుతూ, మూడు భాషల్లో ఎవరితోనైనా తలపడే మనిషికి నాలుగక్షరాల మాట రాయటానికి నాలుగు రోజులు పట్టింది.

ఇది జూన్‌లో మొదలయింది. అశుభ్రత వల్ల వచ్చే జబ్బని నాకెవరూ చెప్పలేదు. విచారణ లేకుండా నేనే తీర్పిచ్చుకున్నాను. కనుక రోజుకు మూడుసార్లు ఎర్ర కార్బాలిక్ సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటున్నాను. కడిగిన తరువాత కాసేపు మండుతుంది. మంట దురద కంటే గౌరవంగా అనిపిస్తుంది. ఆ కాసేపు గడిచాక మళ్ళీ దురద.

20 నవంబరు

త్యాగరాజు మామ వచ్చాడు. మందుల కంపెనీ బ్యాగు పట్టుకొని ఊళ్ళోని డాక్టర్లందరి గుమ్మాలూ ఎక్కే ఉద్యోగం ఆయనది. నా స్నేహితురాలికి ఒకచోట దురదగా ఉందని, ఎక్కడో చెప్పటానికి సిగ్గుపడుతోందని అన్నాను. మామ బ్యాగులోంచి ఒక చిన్న ట్యూబు తీసి ఇచ్చాడు. హైడ్రోకార్టిసోన్ అనే పూతమందట. కొత్తది, దొరల సీమ సరుకు, మాయమంత్రంలాగా పనిచేస్తుందట. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, నీ స్నేహితురాలు కూడా నీలాగా నిలబడే కాఫీ తాగుతుందా అమ్మాయీ అని అడిగాడు.

24 నవంబరు

దురద లేదు! షేక్స్పియర్ క్లాసులో రెండు గంటలు రాతిబొమ్మలా కూర్చున్నాను.

9 డిసెంబరు

ట్యూబు అయిపోయింది.

12 డిసెంబరు

తిరిగి వచ్చింది. పోయినప్పటి కంటే బలిసి వచ్చింది. మామ రెండో ట్యూబు ఇచ్చాడు.

29 డిసెంబరు, శనివారం

రెండోదీ అయిపోయింది. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. ముట్టుకుంటే చిట్లుతోంది. ఇవాళ లోపలి లంగా మీద రక్తపు చుక్క కనిపించింది. మామ మూడో ట్యూబు తెస్తానన్నాడు. వద్దన్నాను. ఒకే వాదాన్ని రెండుసార్లు వినిపించినా నెగ్గకపోతే లోపం గొంతులో ఉండదు, వాదంలో ఉంటుంది.

పోటీకి ముప్పై అయిదు రోజులు.

2 జనవరి 1957, బుధవారం

నన్నెవరూ ఎరగని పేట కావాలని వాషర్‌మెన్‌పేటకు బస్సెక్కాను. అక్కడ డాక్టర్ అమ్మణి అనే ఆవిడ చిన్న డిస్పెన్సరీ నడుపుతున్నారు. వయసు అరవై ఉంటుంది. నేను స్నేహితురాలి కథ మొదలుపెట్టాను. ఆవిడ రెండు వాక్యాలు విని, ఆ స్నేహితురాలిని ఈ బల్ల మీద పండుకోమను, నువ్వు బయట కూచో అన్నారు. పడుకున్నాను.

మొలలు లేవు. నులిపురుగుల కోసం కూడా పరీక్ష చేశారు. అవీ లేవు. అప్పుడు కుర్చీ లాక్కొని, పొద్దున లేచింది మొదలు ఏమేమి చేస్తావో వరసగా చెప్పు, ఒక్కటీ విడవాకు అన్నారు.

చెప్పాను. మా పురసవాక్కం ఇంట్లో వంట మడితో సాగుతుంది. అమ్మ తిరువొత్తియూరులో టీచరు. తెల్లవారగానే రైలెక్కి పోతుంది. జూన్‌లో బామ్మకు కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి మడివంట నా మీద పడింది. అయిదింటికి బావి దగ్గర స్నానం. చీర తడిపి పిండి, ఆ తడిచీరే చుట్టుకోవాలి. నన్నెవరూ తాకకూడదు. వంట ముగిసేదాకా చీర ఒంటి మీదే ఆరాలి. ఎనిమిదింటికి విప్పి, గంజి పెట్టిన లంగా కట్టుకొని కాలేజీకి పరుగు. సబ్బు సంగతి కూడా చెప్పాను.

సబ్బు దగ్గర ఆవిడ కళ్ళు మూసుకున్నారు. తడిచీర దగ్గర కలం కింద పెట్టారు. ఏమ్మా, ఒళ్ళు కడుక్కుంటా ఉండావా, అడుగంటిన గిన్నె తోముతా ఉండావా అని అడిగారు. తడిగుడ్డలో మూడు గంటలు చుట్టిపెడితే వడియానికే బూజు పడుతుంది, మనిషి తోలుకు పట్టదా అన్నారు. జూన్‌లో తడిబట్ట, జూన్‌లో దురద. ఆర్నెల్లుగా ఈ రెండు తేదీలూ నా ఎదుటే పక్కపక్కన కూర్చొని ఉన్నాయి. లాజిక్‌లో క్లాస్ ఫస్ట్ తెచ్చుకున్న నేను చూడలేదు.

ట్యూబు సంగతీ చెప్పాను. అది మంటను అణుస్తుందే గానీ మంటపెట్టిన చేతిని పట్టుకోదన్నారు. అవసరమైతే డాక్టరు చెప్పిన నాలుగు రోజులు పూసుకోవచ్చు గానీ, పలచబడిన చోట నెలలకొద్దీ పూస్తే ఇంకా పలచబడుతుందట. మానేసిన మొదటి వారం దురద రెచ్చిపోతుంది, భయపడి మళ్ళీ ట్యూబు వెతుక్కోవాకు అన్నారు.

ఇక ఆవిడ ఉత్తరువులు. అక్కడ సబ్బు ముట్టించకూడదు. దొడ్డికి వెళ్ళిన తరువాత ఉత్త నీళ్ళతో మెల్లగా కడిగి, పాత ధోవతి ముక్కతో రుద్దకుండా అద్దుకోవాలి. పూర్తిగా ఆరిన తరువాతే బట్ట. తడిచీర, గంజిలంగా రెండూ బంద్. పైన జింకు ముద్ద అనే తెల్లటి లేపనం పలచగా రాయాలి. అందులో ఏ మాయా లేదట. చెమ్మ తగలకుండా గొడుగు పట్టటమే దాని పని. గోళ్ళు కత్తిరించాలి, నిద్రలో గోక్కోకుండా చేతులకు మేజోళ్ళు తొడుక్కోవాలి. కారం తగ్గించాలి. రెండు వారాలు కాఫీ మానాలి.

కాఫీ దగ్గర మొదటిసారి అభ్యంతరం లేవనెత్తాను. అదేమన్నా నువ్వు కన్న బిడ్డా, విడిచిపెట్టలేకపోవటానికి అన్నారు. అప్పటికీ తగ్గకపోతే రా, ఇంకా వెతుకుతాం, దాచిపెట్టి మాత్రం కూచోవాకు అని పంపించారు.

3 జనవరి

బామ్మతో డిబేట్. నా జీవితంలో ఇంత గట్టి ప్రత్యర్థిని చూడలేదు.

బామ్మ పేరు లలితాంబ. మడి తడిలో ఉందా, అంటు లేకపోవటంలో ఉందా అని మొదలుపెట్టాను. నాకు శాస్త్రం చెప్పేదానివయినావుటే అంది. ముందురోజు ఉతికి, ఎవరూ తాకకుండా పైదండెం మీద ఆరేసి, పొద్దున కర్రతో దించుకున్న పొడిబట్ట కూడా మడేనని నువ్వే అమ్మతో అనలేదా అన్నాను. అన్నాను, అది ఎండ ఉండే ఊళ్ళకు, ఈ ముసురులో ఏడ ఆరుతుంది అంది. పొయ్యి పైన దండెం కట్టించానన్నాను. ఎప్పుడు కట్టించావే అంది. నువ్వు పురాణానికి పోయినప్పుడు అన్నాను. ఆ మాట వదిలేసి, నలభై ఏళ్ళు తడిబట్ట కట్టాను, నాకేమయిందే అని గట్టిగా అడిగింది.

అడిగి ముఖం తిప్పుకుంది.

చివరికి నెల రోజులకు ఒప్పుకుంది. ఇది ఓటమి కాదు, వాయిదా అట. నా నోరు ఎవరి ఆస్తో ఇవాళ తెలిసింది.

6 జనవరి, సాయంత్రం 4 గంటలు

ట్యూబు లేదు. సబ్బు లేదు. కాఫీ లేదు. దురద మాత్రం ఉంది.

8 జనవరి

మామ మూడో ట్యూబు బల్ల మీద పెట్టి బామ్మను పలకరించటానికి లోపలికి పోయాడు. పది నిమిషాలు దాని వంక చూశాను. తీసుకెళ్ళి ఆయన బ్యాగులోనే పడేశాను.

13 జనవరి

నిన్నంతా ఒక్కసారి కూడా చేయి పోలేదు.

20 జనవరి

లైబ్రరీలో నాలుగు గంటలు కూర్చున్నాను. లేవవలసి వచ్చినందుకు విసుక్కున్నాను! చర్మం మానిందని డాక్టరమ్మ చూసి చెప్పారు. పొద్దున ఒక గ్లాసు కాఫీకి అనుమతి దొరికింది. కూర్చొని తాగాను.

పోటీ విషయం ప్రకటించారు. సిగ్గే స్త్రీకి సింగారం. భక్తవత్సలం అవునంటాడు. నేను కాదంటాను. ఏం మాట్లాడాలో నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

2 ఫిబ్రవరి, శనివారం

గెలిచాను.

వరసగా రాస్తాను. నా వంతు చివరిది. అంతకుముందు గంటా పది నిమిషాలు అదే కుర్చీ. కదలలేదు. భక్తవత్సలం మాట్లాడుతూ మాట్లాడుతూ మూడుసార్లు నా కుర్చీ వంక చూశాడు. తెచ్చుకున్న చమత్కారం వృథా పోతోందని అతని ముఖమే చెప్పింది. చివరికి ఉండబట్టలేక, ఇవాళ కుర్చీ మెత్తగా ఉన్నట్టుందే అన్నాడు. అందరూ నన్ను చూశారు. నేను కూర్చునే ఉన్నాను. ఎవరూ నవ్వలేదు.

లేచి ఇలా మొదలుపెట్టాను. అధ్యక్షా, నవంబరులో నాకు నిలకడ లేదని ఈ సభలో అభియోగం మోపారు. అది నిజం. కారణం ఇప్పుడు చెబుతాను. నాకు మలద్వారం దగ్గర దురద.

ఒక జడ్జీగారి గొడుగు కింద పడింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆగేదాకా ఊరుకొని, ఆగిన తరువాత మాట్లాడాను. ఆర్నెల్లు ఆ మాట దాచాను. దాచి, నేను మురికిదాన్నని నమ్మి, సబ్బుతో నన్ను నేను గీరుకున్నాను. అబద్ధమాడి మందు తెచ్చుకొని చర్మాన్ని చించుకున్నాను. నోరు తెరిచి ఒక డాక్టరుకు చెప్పిన తరువాత నెల తిరగకుండా నయమయింది. అందుకు కావలసినవి ఉత్త నీళ్ళు, పొడిబట్ట, కొంచెం ఓపిక. నన్ను గాయపరిచింది సిగ్గు, బాగుచేసింది మాట. ఇది సింగారమైతే, పుండుకు కట్టిన పట్టు గుడ్డ కూడా సింగారమే.

తరువాత ఆడపిల్లలు కూర్చున్న వరసల వైపు తిరిగి, మీకు ఎక్కడ బాధో ఆ చోటు పేరు పెట్టి ఇవాళే ఒక్కరికి చెప్పండి అని ముగించాను.

చప్పట్లు ముందు ఆడపిల్లల వరసల్లో మొదలయ్యాయి. షీల్డు ఏకగ్రీవం. భక్తవత్సలం వచ్చి, కుర్చీ మాట వెనక్కి తీసుకుంటా ఉండానండీ అన్నాడు. అక్కర్లేదు, ఆ మాట నాకు పనికొచ్చిందన్నాను.

3 ఫిబ్రవరి

హాల్లో నేనన్న మాట రాత్రికే పురసవాక్కం చేరింది. బామ్మ వంటింట్లోకి పిలిచింది. తుఫానుకు సిద్ధపడి వెళ్ళాను. అందరి ముందూ ఏమన్నావో నా ముందు అను అంది. పొయ్యి పక్కన నిలబడి ఉపన్యాసమంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అయిపోయిన తరువాత బామ్మ దండెం మీది పొడిబట్ట వంక చూసింది.

నాకేమయిందే అన్నాను కదా ఆవేళ, అయింది అంది. నలభై ఏళ్ళుగా అట. తాతగారికి కూడా చెప్పలేదట.

ఆ డాక్టరమ్మ ముసలివాళ్ళను చూస్తుందా అని అడిగింది.

5 ఫిబ్రవరి, మంగళవారం. వాషర్‌మెన్‌పేట. ఉదయం 10

డిస్పెన్సరీ బెంచీ. ఏడుగురు ఆడవాళ్ళు, అందరూ తలలు వంచుకొని. మధ్యలో బామ్మ, పొడిచీరలో. పక్కనున్న ఆవిడను ఏం నొప్పి అని అడిగింది. ఆవిడ నసిగింది. బామ్మ గొంతు సవరించుకొని బెంచీ మొత్తానికి వినిపించేలా అంది: ఏమమ్మా, ఏడ బాధో ఆ చోటు పేరు పెట్టి చెప్పండి, లోపలికి పోయినాక కడుపునొప్పని అబద్ధం ఆడబోకండి!