పోగులు అతికే చెయ్యి

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ రోజు మన మగ్గాల షెడ్డుకు ఒక డాక్టరమ్మ వచ్చింది. గద్వాలలో నేతగాళ్లు చచ్చిపోతున్నారని సర్కారు పంపించిందట. కళ్లద్దాలు ఇస్తారనుకుని అందరం ముఖాలు కడుక్కుని వరసలో నిలబడ్డాం. ఆమె కళ్లు చూడలేదు. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా? పొద్దున్నే తాగకపోతే చేతులు వణుకుతున్నాయా? ఎందుకీ బతుకు అనిపిస్తోందా?" అని అడిగింది.

అందరూ నవ్వారు. షెడ్డు నడిపే సావుకారు ముందుకొచ్చి, "మా షెడ్డుల గసొంటోళ్లు ఎవ్వరు లేరమ్మా" అన్నాడు.

కొంగు పట్టుపోగులను చీర నూలుపోగులకు అతికే రోజుకు, చెయ్యి నిలకడగా ఉండాలని మనింటికి కల్లు సీసా పంపేది ఆయనే. మనకు అది మందు. నువ్వు నెలల తరబడి మాట మానేస్తే, "పనిల మునిగిండు" అన్నారు. బీచుపల్లి దగ్గర కృష్ణలో దొరికితే, "తాగి పడ్డడు" అన్నారు. నీ చెప్పులు ఒడ్డున పక్కపక్కనే విడిచిపెట్టి ఉన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఒక్కరు కూడా లేరా?" అని డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

నీ మగ్గం మీద ఇప్పుడు నేస్తున్నది నేనే. చెయ్యి ఎత్తాను. అది అందరి ముందూ వణికింది.

"దించురా, ఇజ్జత్ పోతది" అన్నాడు సావుకారు.

దించలేదన్నా.

సాయంత్రం ఇంటికొస్తే గడప పక్కన కల్లు సీసా పెట్టి ఉంది. రేపు పోగులు అతకాలి.