వదినగారి మూలుగ

విజయవాడ,
ఆగస్టు 1979

ఏమండీ,

ఇక్కడ నేనూ పిల్లలూ దేవుని దయవల్ల కులాసా. మీ కులాసా మాత్రం మీ అక్కగారు గుడికి రాసే ఉత్తరాల్లో వినాల్సి వస్తోంది. పోయిన ఆదివారం పాస్టరుగారు చదివారు, "నా మూలుగతో నా తమ్ముడు లేస్తాడు, ప్రార్థించండి" అని. పేటంతటికీ తెలిశాక కట్టుకున్నదానికి తెలిసింది.

నాకు కడుపుమంటగానే ఉందండీ, దాచను. మీది నెమ్మదిగా ముదిరే రక్తకేన్సరని తేలిన రోజు నుంచీ పథ్యం వండిందీ, జ్వరానికి కాపలా కూర్చున్నదీ నేను. తోబుట్టువు ఎముకల్లోని మూలుగ ఎక్కిస్తే నయమయ్యే ఆశ ఉందని మిషను డాక్టరమ్మ అనగానే, లండన్ ప్రయాణంలో మీ పక్క సీటు సువార్తమ్మ వదినగారిదైపోయింది. మద్రాసు రైలెక్కుతూ ఆవిడ నాతో అన్నమాట మీరు వినలేదు. "అన్నం నువ్వు పెట్టావు గాని అమ్మాయ్, ఎముక మా అమ్మ పెట్టింది."

మొన్న లండన్ నుంచి కబురొచ్చిందని డాక్టరమ్మ పిలిచి చెప్పారు, వదినగారి మూలుగ మీకు సరిపడలేదట. జబ్బు అణిగి ఉన్న ఇప్పుడే మీ మూలుగ తీసి, మంచులా గడ్డకట్టించి దాచి, ముదిరినప్పుడు మళ్ళీ మీకే ఎక్కిస్తారట. ఆవిడ ఇంకేదో చెప్పబోతున్నా నేను వినిపించుకోలేదు. ఇంటికొచ్చి కృతజ్ఞత కూడిక పెట్టించి, అందరికీ పులిహోర పంచాను. దేనికమ్మా అని పాస్టరుగారు అడిగితే, మా ఆయనకు ఒకరి దగ్గర ఎరువు తెచ్చుకోవాల్సిన పని లేకుండా పోయిందని చెప్పాను.

ఇక అక్కడ ఆవిడకేం పని? ఆవిణ్ణి పంపించేసి నన్ను పిలిపించుకోండి.

మీ
హన్నా


విజయవాడ,
సెప్టెంబరు 1979

సువార్తమ్మ వదినగారికి,

వందనాలు. ఆయన జాబు అందింది. సొంత మూలుగలో జబ్బు విత్తనం కూడా ఉంటుందట. ముదిరాక ఎక్కిస్తే మనిషిని మళ్ళీ ఇప్పుడున్న స్థితికి తెస్తుంది, కొన్నాళ్ళు గడువిస్తుంది, అంతేనట. మీది కలిసి ఉంటే జబ్బు వేళ్ళతో సహా పోయే ఆశ ఉండేదట. అది కలవనందుకు నేను పేటంతటి చేతా స్తోత్రం చెప్పించాను. నిన్న శౌరమ్మ పిన్ని, మళ్ళీ కూడిక ఎప్పుడే అని అడిగితే తల కొట్టేసినట్టయింది.

మిమ్మల్ని పంపించేయమని ఆయనకు రాశాను. వద్దు, అక్కడే ఉండండి. జ్వరం వచ్చే ముందు ఆయన మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటారు, కనిపెట్టి ఉండండి. ఇన్నాళ్ళూ అది నాకొక్కదానికే తెలుసు.

మీ మీద ఈర్ష్య పోయిందని అబద్ధం రాయను. ఆయన పక్కన మీరు కూర్చుని ఉంటారని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా వదినా, డాక్టర్లు పొరపాటు పడ్డారేమో. ఇంకొక్కసారి మీ రక్తం తీసి చూడమనండి. ఈసారి కలిస్తే, "నా తమ్ముణ్ణి నేనే బతికించుకున్నాను" అని బతికినన్నాళ్ళూ నా ఇంట్లో, నా పీట మీద కూర్చుని అనండి. నేను అన్నం వడ్డిస్తూ వింటాను.

మీ మరదలు
హన్నా